డాబా మీద డ్రాసిరా పూసింది: వచ్చిన తేనెటీగ ఆకుకే అంటుకుపోతే విత్తనం కట్టేదెలా?

మీరు అడిగింది ఇదీ: విశాఖలో, బీచ్‌కి కిలోమీటరు దూరంలో, డాబా మీద పురుగుల్ని పట్టి తినే నాలుగు మొక్కలు పెంచుతున్నారు: జిగురు ఆకుల డ్రాసిరా బర్మాని, డ్రాసిరా ఇండికా, ఆకులే బోనుల్లా మూసుకునే ఒక వీనస్ ఫ్లైట్రాప్, కూజాల్లో పురుగుల్ని పట్టే ఒక నెపంథిస్. మొదటి మూడింటికీ మొగ్గలు వచ్చాయి. ఇండికా ఆకు మీద ఓ చిన్న తేనెటీగ చచ్చిపడి ఉంది. పువ్వు కోసం వచ్చిన పురుగుని ఆకే తినేస్తే పరాగసంపర్కం ఎవరు చేస్తారు, పూసినన్నాళ్లూ ఆకుల్ని కప్పేయాలా అని మీ సందేహం.

కప్పొద్దు. ఆకు కప్పేస్తే మొక్కకి అటు వెలుతురూ తగ్గుతుంది, ఇటు తిండీ పోతుంది. ఈ మొక్కలు పుట్టిన నేలల్లో నత్రజని, భాస్వరం బొత్తిగా ఉండవు. విత్తనానికి కావలసిన నత్రజనిలో మంచి వాటా ఆకు పట్టిన పురుగుల నుంచే వస్తుంది. అంటే పువ్వుకీ బోనుకీ మధ్య ఉన్నది పగ ఒక్కటే కాదు. పువ్వుని పోషిస్తున్నదీ ఆ బోనే.

అలాగని గొడవ అసలు లేదనీ అనలేం. దాని మీద వృక్షశాస్త్రవేత్తలు చాలా ఏళ్లుగా పని చేస్తున్నారు. అది నిజంగా మొక్కకి నష్టం చేయాలంటే మూడు విషయాలు ఒకేసారి కలిసి రావాలి. పువ్వు మీదికి వచ్చే పురుగూ ఆకుకి చిక్కే పురుగూ ఒకే రకమై ఉండాలి. ఆ పురుగులు మొదటే తక్కువగా ఉండి, ఒకటి రెండు పోయినా విత్తనం తగ్గే పరిస్థితి ఉండాలి. ఆ మొక్క తన పుప్పొడితో తాను విత్తనం కట్టుకోలేనిదై ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా గొడవ పేరుకే. మీ దగ్గరున్న నాలుగు మొక్కలూ నాలుగు రకాలుగా దీన్నించి తప్పించుకుంటాయి కాబట్టి విడివిడిగా చెబుతాను.

ఫ్లైట్రాప్‌తో మొదలుపెడదాం, దీని మీద స్పష్టమైన లెక్క ఉంది. ఈ మొక్క సహజంగా పెరిగేది ప్రపంచంలో ఒక్కచోటే: అమెరికాలో నార్త్, సౌత్ కరోలినా రాష్ట్రాల్లో, విల్మింగ్టన్ ఊరి చుట్టూ దాదాపు 160 కిలోమీటర్ల లోపు. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు అక్కడ పూత కాలమంతా పూల మీద వాలిన పురుగుల్ని పట్టి, వాటి ఒంటి మీద పుప్పొడి ఎంతుందో చూశారు. పక్కనే 200కి పైగా బోనుల్లో ఏం చిక్కాయో కూడా తీసి చూశారు. 2018లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పూల దగ్గర వంద రకాల దాకా పురుగులు కనబడ్డా, పుప్పొడి బాగా మోసేవి మూడే తేలాయి: ఆకుపచ్చగా మెరిసే ఒక చిన్న తేనెటీగ, రెండు రకాల పెంకుపురుగులు. ఆ మూడింటిలో ఒక్కటి కూడా బోనుల్లో కనిపించలేదు.

కారణం ఎత్తులో కొంత ఉంది. పూకాడ జానెడు ఎత్తున, 15 నుంచి 25 సెంటీమీటర్ల దాకా లేస్తుంది. బోనులు నేలకి అంటుకుని ఉంటాయి. బోనుల్లో ఎక్కువగా పడేవి నేల మీద పాకే చీమలు, సాలెపురుగులు, పెంకుపురుగులు, మిడతలు. పువ్వు మీదికి ఎగిరి వచ్చి ఎగిరి వెళ్లే తేనెటీగకి కింద పనే లేదు. బోను పనితీరు కూడా కొంత కాపాడుతుంది: లోపలి రోమాన్ని దాదాపు 20 సెకన్లలో రెండుసార్లు తాకితేనే మూసుకుంటుంది. మూసుకున్నా మొదట పళ్ల మధ్య సందు మిగులుతుంది. మరీ చిన్న పురుగు అందులోంచి జారిపోగలదు.

అయితే మీ డాబా కరోలినా కాదు. అక్కడి ఎత్తుల లెక్క నేల మీద పెరిగే మొక్కది. మీరు కుండీని స్టాండ్ మీదో పిట్టగోడ మీదో పెట్టినప్పుడు పాకే పురుగులు తగ్గి, ఎగిరేవి ఎక్కువవుతాయి. పైగా కుండీల్ని ఒకదానికొకటి ఆనించి పెడితే ఒక మొక్క పూకాడ పక్కమొక్క ఆకుల మీదికి వంగుతుంది. ప్రకృతి జానెడు దూరంలో పెట్టిన వాటిని మనమే అంగుళం దూరానికి తెచ్చినట్టు. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక ఫ్లైట్రాప్ కాడ వాలిపోవడం ఇక్కడ మామూలే. చీపురుపుల్లని కుండీ అంచున గుచ్చి, మెత్తటి దారంతో వదులుగా కట్టండి. కుండీకీ కుండీకీ కనీసం 15 సెంటీమీటర్ల ఎడం ఉంచండి. ఇండికా కుండీని మాత్రం పూసే మొక్కలన్నిటికీ దూరంగా, వేరే మూల పెట్టండి. ఎందుకో కింద వస్తుంది.

డ్రాసిరాల దగ్గర అసలు రుచి ఉంది. మనదేశంలో దొరికే డ్రాసిరాలు ప్రధానంగా మూడు: బర్మాని, ఇండికా, పెల్టాటా. మొదటి రెండూ మన తూర్పు కనుమల్లో, వానాకాలం తడి ఆరని ఇసుక నేలల్లో, పొట్టి గడ్డి మధ్య మొలుస్తాయి. నేల ఎండేలోపు పూసి, విత్తనం రాల్చి, చచ్చిపోతాయి. ఒక్క వానాకాలంలో బతుకంతా అయిపోయే మొక్క తేనెటీగ వస్తుందో రాదో అని కాచుక్కూర్చోలేదు కదా. అందుకే రెండూ తమ పుప్పొడితో తామే విత్తనం కట్టుకుంటాయి.

బర్మాని పువ్వుని ఒక్కసారి దగ్గర్నుంచి, పదిరెట్లు పెద్దది చేసే లెన్సుతో చూడండి. ఎండ తగిలిన ఉదయం కాడకి ఒక్క పువ్వో, రెండో విచ్చుకుంటాయి. ఐదు తెల్లటి రేకులు, మధ్యలో ఐదు కేసరాలు, వాటి నడుమ కీలాల చివర్లు సన్నగా చీలి కుంచెలా విచ్చి ఉంటాయి. కొన్ని గంటల్లోనే రేకులు ముడుచుకోవడం మొదలవుతుంది. ముడుచుకుంటూ అవి కేసరాల్ని లోపలికి నెడతాయి, పుప్పొడి నిండిన పరాగకోశాలు ఆ కుంచెకి వెళ్లి ఒత్తుకుంటాయి. పని అయిపోయింది. ఈగా రాలేదు, దోమా రాలేదు. మూడు నాలుగు వారాల్లో కాయ గోధుమరంగుకి తిరిగి, లోపల నల్లటి దుమ్ములాంటి విత్తనాలు కనిపిస్తాయి. ఈ మొక్క ఆకు ఎంతమందిని తింటే దానికేం?

మరి ఆ పొడవాటి పూకాడ దేనికి? రెండు మూడు సెంటీమీటర్ల మొక్కకి నాలుగైదు రెట్లు పొడవున కాడ ఉండేది పురుగుల్ని ఆకుల నుంచి కాపాడడానికేనని చాలాకాలం చెప్పుకున్నారు. దక్షిణాఫ్రికా డ్రాసిరాల మీద చేసిన పని ఇంకో వైపు చూపించింది. 2010లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం కాడ పొడవు వల్ల ప్రధానమైన లాభం పువ్వు దూరానికి కనిపించడం. పువ్వుని కిందికి దించితే వాలే పురుగులే తగ్గాయి. గడ్డిలో దాగిన మొక్క తలెత్తి పిలవాలంటే కాడ పొడవుండాల్సిందే, కీటకాహారి కాని మొక్కలు చేసేదీ అదే. ఆకుకి దూరంగా ఉండడం దాంతోపాటు కలిసొచ్చిన లాభం. నాకు ఈ వివరణే సబబుగా అనిపిస్తుంది, ఎందుకంటే యుట్రిక్యులేరియా అనే మరో కీటకాహారి మొక్కకి నేల పైన బోనే లేదు, అయినా దాని పూకాడ పొడవే.

ఎరుపు గురించీ ఇలాంటి నమ్మకమే ఒకటి ఉంది. ఆకులు ఎర్రగా ఉండేది పురుగుల్ని పిలవడానికని అంటారు. తేనెటీగ కంటికి ఎరుపు ప్రత్యేకమైన రంగుగా కనిపించదు. ఐరోపాలో పెరిగే గుండ్రటి ఆకుల డ్రాసిరా మీద చేసిన పరీక్షలోనూ ఆకు ఎరుపు ఎరగా పని చేస్తున్నట్టు తేలలేదు. తెల్లటి, గులాబి రేకులు మాత్రం తేనెటీగకి బాగా కనిపిస్తాయి. ఎర్రబడిన ఆకు వల్ల మీకు తెలిసేది మొక్కకి ఎండ బాగా తగులుతోందన్న సంగతి.

ఇక ఇండికా. మీ తేనెటీగ దీనికే చిక్కింది, అందులో ఆశ్చర్యం లేదు. దీనికి నేలబారు ఆకులు ఉండవు. కాండం నిలువుగా లేచి, దారాల్లాంటి జిగురు ఆకుల్ని చుట్టూ చాస్తుంది. పూలగుత్తి ఆ ఆకుల మధ్యనుంచే పక్కకి వస్తుంది. పువ్వుకీ జిగురుకీ మధ్య ఒకటి రెండు సెంటీమీటర్లు ఉంటే గొప్ప. ఎత్తు తేడా అన్న రక్షణే ఇక్కడ లేదు. జపాన్‌లో ఈ గుంపుకే చెందిన మొక్కల్ని పరిశీలించినప్పుడు పువ్వు చూసి వచ్చిన పురుగులు ఆకులకి చిక్కడం బాగానే కనిపించింది. ఆ మొక్కలూ తమంతట తామే విత్తనం కట్టేవే. చూడండి, మూడు షరతుల్లో మొదటిది నిండింది, మూడోది నిండలేదు, అందుకని నష్టం లేదు. పైగా పువ్వే ఎరగా మారి ఆకుకి తిండి తెచ్చిపెట్టినట్టయింది.

ఒక చిన్న తేడా మాత్రం గుర్తుపెట్టుకోవాలి. తేనెటీగ పువ్వు మీద వాలి, ఆ తర్వాత చిక్కితే, అది తెచ్చిన పుప్పొడి ఈ పువ్వుకి అందే ఉంటుంది. ఈ పువ్వు నుంచి అంటుకున్న పుప్పొడి మాత్రం ఇంకో మొక్కకి చేరదు. అంటే తల్లిగా మొక్కకి లోటు లేదు, తండ్రిగా ఉంది. ఇండికా కుండీని దూరంగా పెట్టమన్నది ఇందుకే: దాని లోటు దానికి పట్టదు గానీ, మీ ఫ్లైట్రాప్ పువ్వు నుంచి బయల్దేరిన తేనెటీగని అది మధ్యలో పట్టేస్తే ఫ్లైట్రాప్‌కి నష్టం. మూడు నాలుగు మిల్లీమీటర్లుండే కుట్టని తేనెటీగలకి ఆ జిగురులోంచి బయటపడే బలం ఉండదు.

నెపంథిస్‌లో కూజా అంచున మకరందం ఊరుతుంది, దాని కోసం వచ్చేవి ఎక్కువగా చీమలు. అంచు తడిసినప్పుడు చీమ కాలు నిలవదు, లోపలికి జారుతుంది. పూలగుత్తి తీగ పైకొసన వస్తుంది, దాని మీదికి ఈగలు, చిమ్మెటలు వస్తాయి. మన మేఘాలయ కొండల్లో పెరిగే నెపంథిస్ ఖాసియానా కూజా అంచు అతినీలలోహిత కాంతిలో నీలంగా వెలుగుతుందని కేరళలోని పాలోడ్ బొటానిక్ గార్డెన్ వాళ్లు 2013లో చూపించారు. పువ్వు పిలిచే తీరు వేరు, కూజా పిలిచే తీరు వేరు. ఈ మొక్కకి విత్తనం రాకపోవడానికి అసలు అడ్డంకి మరొకటి: మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. నర్సరీలో ఒకే రకం పేరుతో అమ్మే మొక్కలు ఒకే క్లోన్ నుంచి వచ్చినవైతే పది కొన్నా పదీ ఒకే లింగం. ఎదురుచూసి లాభం లేదు.

సరాసీనియా అనే మరో రకం కూజా మొక్కల గురించి ఒక్కమాట. వాటిలో కొన్ని జాతులు కొత్త కూజాలు తెరుచుకోకముందే వసంతంలో పూసేస్తాయి. చోటు బదులు కాలంతో వేరు చేసుకున్నాయన్నమాట. విశాఖ చలి వాటికి చాలదు, ఇక్కడ ప్రయత్నించమని చెప్పను.

మీ డాబా మీద నిజంగా ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి పదిహేను రోజుల పని ఉంది. పెళ్లిళ్లలో తాంబూలంతో ఇచ్చే సన్నటి వలగుడ్డ సంచులు తెచ్చుకోండి. ఫ్లైట్రాప్ కాడకి వచ్చిన మొగ్గల్ని మూడు వాటాలు చేయండి. మొదటి వాటా మొగ్గలకి విచ్చకముందే సంచి తొడిగి వదిలేయండి. రెండో వాటాని ఏమీ ముట్టుకోకండి. మూడో వాటాకి మీ చేత్తో పుప్పొడి అద్దండి. రంగు దారాలు కడితే ఏది ఏదో మర్చిపోరు. ఉదయం 7 నుంచి 11 దాకా గంటకోసారి పది నిమిషాలు పూల దగ్గర కూర్చుని, వాలిన పురుగుల్ని ఫోన్‌తో ఫొటో తీయండి. జిగురు ఆకుల మీద చిక్కినవాటిని పట్టకారుతో తీసి తెల్లకాగితం మీద పెట్టి పోల్చండి. ఫ్లైట్రాప్ బోను మూసుకుని ఉంటే బలవంతంగా తెరవకండి, తనంతట తెరుచుకున్నాక మిగిలిన పెంకు చూస్తే చాలు. విత్తనాలు లెక్కపెట్టే రోజున సంగతి తేలుతుంది. చేత్తో అద్దిన పూలకి ఎక్కువ విత్తనం కట్టి, వదిలేసినవాటికి తక్కువ కడితే మీ దగ్గర పురుగులు చాలడం లేదు. రెండూ సమానమైతే చాలినన్ని వస్తున్నాయి. సంచి తొడిగినవాటికీ కట్టిందంటే, పురుగు లేకుండా ఎంత కడుతుందో మీకు తెలిసినట్టే. డాబాల మీద ఆకులకి చిక్కేవి చాలావరకు కుండీ తడిమట్టిలో పుట్టే నల్లటి సన్న ఈగలే. తేనెటీగలు అరుదు.

ఫ్లైట్రాప్‌కి చేత్తో అద్దడంలో తప్పేదల్లా సమయమే. పువ్వు విచ్చిన రోజు పుప్పొడి సిద్ధంగా ఉంటుంది, కీలాగ్రం ఉండదు. అది నున్నగా, మూసుకున్న కుంచెలా కనిపిస్తుంది. మర్నాటికి దాని కొస విప్పారి నూగులా అవుతుంది, అదే అదను. కాబట్టి ఈరోజు విచ్చిన పువ్వు పుప్పొడిని నిన్న విచ్చిన పువ్వుకి అద్దాలి. సన్నటి పెయింట్ బ్రష్షో, కొస నలిపిన పంటిపుల్లో చాలు. ఉదయం తేమ ఆరాక, 9 నుంచి 11 మధ్య చేయండి. వేరే మొక్క పుప్పొడి దొరికితే విత్తనం ఇంకా బాగా కడుతుంది. నాలుగు నుంచి ఆరు వారాల్లో మెరిసే నల్లటి గింజలు తేలతాయి. ఎండకి పెట్టకుండా తాజాగా చల్లేయండి, వీటికి చలి అవసరం లేదు. పైన మట్టి కప్పకండి.

కానీ మొక్కకి ఓపిక ఉందా అన్నది ముందు చూసుకోవాలి. ఫ్లైట్రాప్‌కి ఏటా మూడు నెలల చలి నిద్ర కావాలి. లంబసింగిలో ఉండే చలి విశాఖలో రాదు కదా. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా దుంపని కడిగి, తడి స్ఫాగ్నం నాచులో చుట్టి, జిప్ కవర్లో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచనివాళ్ల మొక్క ఏడాదికేడాది చిక్కిపోతుంది. అలాంటి మొక్క పూస్తే కాడ 5 సెంటీమీటర్లు ఉన్నప్పుడే కత్తిరించేయండి. ఆ ముక్కని తడి నాచులో గుచ్చితే ఒక్కోసారి దానికే పిలకలు వస్తాయి.

విశాఖలో విత్తనం పోవడానికి నేను మొదట అనుమానించేవి వేరే ఉన్నాయి. వాన ఒకటి: డ్రాసిరా పువ్వు ఎండ లేకపోతే పూర్తిగా విచ్చుకోదు, వానకి ఆకు జిగురూ కడుక్కుపోతుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా పారదర్శక షీటు కింద, తూర్పు ఎండ తగిలేచోట పెట్టండి. రెండోది ఉప్పు. బీచ్ ఇసుకతో మట్టి కలపడం, కడగని కోకోపీట్ వాడడం, బోరునీళ్లు పోయడం, మూడూ మొక్కని లోపల్నుంచి చంపుతాయి. పీట్ నాచు, బాగా కడిగిన ఏటి ఇసుక సగం సగం చాలు. నీళ్ల టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) 50 లోపు ఉండాలి. వాననీళ్లు శ్రేష్ఠం, లేదంటే ఆర్వో నుంచి వచ్చే మంచినీళ్లు, పక్కగొట్టంలోంచి పోయే వ్యర్థం కాదు. కింద పళ్లెంలో ఒకటి రెండు సెంటీమీటర్ల నీరు నిలపండి. సముద్రపు గాలి గట్టిగా వీచిన మర్నాడు ఫ్లైట్రాప్, నెపంథిస్ ఆకుల మీద ఇవే నీళ్లు జల్లి ఉప్పు కడగండి. డ్రాసిరాల మీద మాత్రం వద్దు, జిగురు పోతుంది.

మూడోది పేనుబంక. లేత పూకాడ వంకర్లు తిరిగి, మొగ్గలు ముడుచుకుపోతే తేనెటీగ రాలేదని బాధపడకుండా మొగ్గల అడుగున చూడండి. ఫ్లైట్రాప్ అయితే కుండీతో సహా వాననీళ్లలోనో ఆర్వో నీళ్లలోనో ఒక రోజంతా ముంచి ఉంచితే పేనుబంక చాలావరకు పోతుంది. సబ్బునీళ్లు, వేపనూనె డ్రాసిరా ఆకుల మీద పడనివ్వకండి. వీధిలో దోమల మందు పొగ వదిలే సాయంత్రం మొక్కల మీద పల్చటి గుడ్డ కప్పి, పొగ పోయాక తీసేయండి.

బర్మాని కాయలు గోధుమరంగుకి వచ్చాక గాలి లేని ఉదయం కాడని తెల్లకాగితం మీదికి వంచి వేలితో మెల్లగా తట్టండి. దుమ్ములా రాలిన గింజల్ని కాగితం పొట్లంలో కట్టి, గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో దాచండి. చల్లేటప్పుడు తడి పీట్ మీద ఊరికే రాల్చి, వెలుతురు తగిలేలా వదిలేయాలి. రెండు నుంచి నాలుగు వారాల్లో ఆవగింజలో సగం ఉండే మొలకలు వస్తాయి. లెన్సుతో చూస్తే ఆ వయసుకే వాటి మొదటి ఆకుల అంచున జిగురు బొట్లు కనిపిస్తాయి.